పేరంటాలత్త పొదుపు శాతం

మా ఊళ్లో పొదుపు మొదలై నాలుగేళ్లయింది. అంతకుముందు జనం చేతిలో డబ్బులాడక ఏదో ఉన్నంతలో సర్దుకుని బతికేవాళ్లేగాని, దాన్ని పొదుపు అంటారని గాని, దానికొక కార్యాలయం, ఒక డైరెక్టరు, పద్నాలుగు జీపులు కావాలని గాని వాళ్లకు తెలియదు. ఆ లోటు తీర్చడానికే గృహ పొదుపు అభివృద్ధి సంస్థ వెలిసింది. అందులో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు త్రిమూర్తులు. ఇది చదివి ఎవరైనా నా మీద చర్య తీసుకోదలిస్తే పేరు తెలియక ఇబ్బంది పడకూడదని ముందే చెప్పేస్తున్నాను.

మా డైరెక్టరు దండపాణిగారు సామాన్యులు కారు. పొదుపు గురించి తెలుసుకోవడానికి మూడు దేశాలు విమానంలో తిరిగొచ్చినవారు. మొదటిరోజు మమ్మల్నందరినీ ఏసీ హాల్లో కూర్చోబెట్టి, తలకొక జీడిపప్పు పొట్లం పంచి, గంటన్నర ఉపన్యసించారు.

"పొదుపు అనేది ఒక అలవాటు అని మన ప్రజానీకంలో ఒక దురభిప్రాయం పాతుకుపోయి ఉన్నది. కాదు. పొదుపు అనేది ఒక శాతం. శాతంగా వ్యక్తం కాని పొదుపును ఈ సంస్థ పరిగణనలోకి తీసుకోజాలదు" అన్నారు. మేమంతా రాసుకున్నాం.

ఆ శాతం లెక్క ఇలాగ. ప్రతి మూడు నెలల్లో మొదటి నెల ఆధార మాసం, మూడో నెల ఫలిత మాసం. రెండు నెలల్లోనూ మేం ఇంటికి వెళ్లి కరెంటు, నీళ్లు, గ్యాసు, బియ్యం, పప్పు, నూనె అన్నీ కొలిచి, కూడి, 'వినియోగ అంకె' అని ఒకటి తేలుస్తాం. మొదటి నెల అంకె కన్నా మూడో నెల అంకె పది శాతం తగ్గితే అది పొదుపు కుటుంబం. తగ్గకపోతే దుబారా కుటుంబం. చూడ్డానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. నాకూ అలాగే అనిపించింది.

ప్రయోగానికి ఊరికో వీధి చొప్పున, మా ఊళ్లో పంపుల కాలనీని ఎంచుకున్నారు. అది వాటర్ వర్క్స్ పక్కనే నలభై మునిసిపల్ క్వార్టర్ల వీధి. రిటైరైన ఉద్యోగులు, పోయిన ఉద్యోగుల భార్యలు నామమాత్రపు అద్దెకు ఉంటారు. వరసగా రెండుసార్లు దుబారా అని తేలిన కుటుంబం ఇల్లు ఖాళీ చెయ్యాలి, పొదుపు తెలిసినవాళ్లకి చోటివ్వాలి. ఏడాదికోసారి అందరికన్నా ఎక్కువ శాతం తెచ్చుకున్న కుటుంబానికి మాత్రం ఆ ఇంటి మీద జీవితకాల నివాస హక్కు ఇస్తారు. ఈ రెండు ముక్కలూ ఉత్తర్వులో పక్కపక్కనే ఉన్నాయి.

పద్నాలుగో నంబరు క్వార్టర్లో మా మేనత్త ఉంటుంది. పేరంటాలు ఆవిడ పేరు. మా మావయ్య వాటర్ వర్క్స్‌లో పంపు ఆపరేటరుగా చేసి పోయాడు. పిల్లల్లేరు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ గదీ, వంటిల్లూ, నాలుగడుగుల పంచా ఆవిడ ప్రపంచం. నన్ను చిన్నప్పుడు రెండేళ్లు సాకింది కూడా ఆ ఇంట్లోనే.

పొదుపు ఆవిడ దగ్గర ఎలా ఉంటుందంటే, బీరకాయ కూరైతే తొక్కు పచ్చడవుతుంది, గింజలు పాదుకెళతాయి. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ. అరిగిపోయిన సబ్బుముక్కల్ని గుడ్డలో మూటకట్టి ఇంకో వారం లాగుతుంది. ఎసట్లో పోసేముందు రోజూ ఒక పిడికెడు బియ్యం తీసి వెనక్కి కుండలో వేస్తుంది. "ఈ పిడికెడూ రేపటిది" అంటుంది. పోనీ పిసినారా అంటే, ఆ కుండలో బియ్యం నెలాఖరుకి కాలనీలో ఎవరింట్లో నిండుకుంటే వాళ్లింటికి పోతాయి.

మొదటి ఆధార మాసంలో కాలనీకి వెళ్లింది నేనే. ముందు ఒకటో నంబరు, జోగారావుగారిల్లు. ఆయన రిటైరైన బిల్లు కలెక్టరు. జనం పేపరు చదివినట్టు ఆయన ప్రభుత్వ ఉత్తర్వులు చదువుతారు. నేను వెళ్లేసరికి పగలు పదకొండింటికి ఇంట్లో అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. మనిషి లేని గదిలో రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కుళాయి నీళ్లు నేరుగా కాలవలోకి పోతున్నాయి. పొయ్యి మీద పెద్ద డేగిసాలో ఊరికే నీళ్లు కాగుతున్నాయి.

"ఎవరైనా చుట్టాలొచ్చారాండి?" అన్నాను.

"చుట్టాలెవరండీ బాబూ, ఆధార మాసం కదండి!" అన్నారాయన, పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని.

ఆయనకు మతి చెడిందనుకున్నాను. అంకె మూడు వందల పది వచ్చింది. పద్నాలుగో నంబరులో మా అత్తకు పంతొమ్మిది వచ్చింది. నలభై ఇళ్లలో అంత తక్కువ ఇంకెవరికీ లేదు. నేను ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఛాతీ పొంగి, ఆ పంతొమ్మిదిని ఎర్రసిరాతో గుండ్రంగా రాశాను. చెప్తున్నాను కదా, ఇందులో మొదటి తెలివితక్కువ నాదే.

ఫలిత మాసానికి జోగారావుగారు లైట్లార్పేసి, కుళాయి కట్టేసి, ఎప్పట్లాగే బతికారు. అంకె నూట అరవైకి దిగింది. నలభై ఎనిమిది శాతం పొదుపు! ఆయనకు దండవేసి, జీపులో ఊరంతా తిప్పాం. మా అత్త అంకె పంతొమ్మిది. అప్పుడూ పంతొమ్మిదే, ఇప్పుడూ పంతొమ్మిదే. పొదుపు శాతం సున్నా. 'దుబారా కుటుంబము, మొదటి హెచ్చరిక' అని కాగితం వచ్చింది. దాన్ని ఆవిడకు అందించి సంతకానికి బదులు వేలిముద్ర వేయించుకు రావలసిన ఉద్యోగం నాది.

"దుబారా అంటే ఏంట్రా మూర్తులూ?" అంది అత్త.

"ఉన్నదాన్ని అనవసరంగా తగలెయ్యడం అత్తా."

"అది నేనా?" అని ఇల్లంతా ఒకసారి కలియజూసింది. తగలెయ్యడానికి అక్కడేం కనపడక మళ్లీ నావైపు చూసింది. వేలిముద్ర వేసి, వేలికంటిన సిరాని గోడకి తుడవకుండా అదే కాగితం వెనకాల తుడిచింది.

దండపాణిగారి దగ్గరకు వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను. "అయ్యా, పద్నాలుగో నంబరామె నలభై ఇళ్లకీ కలిపి అందరికన్నా తక్కువ వాడుతోందండి. రోజూ పిడికెడు బియ్యం కూడా మిగులుస్తుందండి."

"పోయిన నెలలో కూడా ఆ పిడికెడు మిగిల్చినదా?"

"ముప్ఫై ఏళ్ల నుంచీ అండి."

"చూశావా! మరి ఈ నెలలో నూతనంగా సాధించిన ప్రగతి ఏమున్నది?" అని కళ్లజోడు తీశారు. "త్రిమూర్తులూ, నీకు విషయం అవగాహన కాలేదు. ఆమె ముందుగానే అంతా తగ్గించివేసుకుని, పొదుపునకు గల అవకాశాలను సమూలంగా నాశనం చేసుకున్నది. ఇటువంటి కుటుంబాల మూలంగానే మన సగటు దెబ్బతింటున్నది."

ఈలోగా జోగారావుగారి రహస్యం కాలనీ అంతా పాకింది. రెండో ఆధార మాసం వచ్చేసరికి పంపుల కాలనీ తిరనాళ్లలా ఉంది. పట్టపగలు నలభై ఇళ్లలో దీపాలు. కుళాయిలు ఎవరూ కట్టడం లేదు, వీధిలో పడవలేసుకోవచ్చు. ఏనాడూ గ్లాసుడు నూనె చూడనివాళ్లు బూరెలు వండి, తినలేక కాకులకేస్తున్నారు. కాకులు కూడా తినలేక గోడలమీద కూర్చున్నాయి. ఎవరింట్లో ఎంత తగలేశారో పంచల్లో కూర్చుని గొప్పలు చెప్పుకుంటున్నారు. వాటర్ వర్క్స్‌లో రెండో పంపు కూడా వెయ్యాల్సి వచ్చింది. మూడో నెలలో అందరూ మామూలుగా బతికారు. కాలనీ సగటు పొదుపు నలభై ఆరు శాతం అని మేం పై ఆఫీసుకు రాశాం. ఏడాది మొత్తానికి వాడకం అంతకుముందుకన్నా ఒకటిన్నర రెట్లయిందని స్టోర్సు గుమస్తా ఒకాయన నోటు పెడితే, ఆయన్ని కుక్కలకు లైసెన్సులిచ్చే సెక్షనుకు మార్చారు.

ఆ ఆధార మాసంలోనే నేను మా అత్త ఇంటికి వెళ్లి బతిమాలాను. "అత్తా, ఈ ఒక్క నెల దుబారా చెయ్యి. నీ ఇల్లు నిలబడుద్ది. నేనే ఖర్చు పెట్టుకుంటాను."

"ఎలా చెయ్యాలో చెప్పు. చేత్తాను" అంది. ఆవిడకీ భయం పట్టుకుంది. ఆ ఇల్లు పోతే ఎక్కడికెళ్లాలో తెలియదు.

లైటు వేసి, "సాయంత్రం దాకా ఆపకు" అని చెప్పి బయల్దేరాను. వీధి మలుపు తిరిగి వెనక్కి చూస్తే ఆరిపోయి ఉంది. వెనక్కి వెళితే, "ఎండ పడతంది కదరా, ఆ దీపాన్ని చూత్తే నాకు సిగ్గేసింది" అంది.

కుళాయి తిప్పాను. ఆవిడ బిందె పెట్టింది. బిందె నిండితే బకెట్టు, బకెట్టు నిండితే అండా, తర్వాత చెంబులు, గిన్నెలు, చివరికి మూకుడు. అన్నీ నిండాక చటుక్కున కట్టేసింది. "పట్టడానికి ఇంక సామానేది? పక్కింట్లో అడగమంటావా?" అంది. ఆ నీళ్లతో వారం రోజులు కుళాయి ముట్టుకోలేదు.

చివరి ప్రయత్నంగా రెండు కిలోల బియ్యం ఒక్కపూటే వండించాను. ఒంటరి మనిషికి రెండు కిలోలు. దీన్నెలా మిగులుస్తుందో చూద్దామనుకున్నాను. ఆ పూట తిన్నంత తింది. మర్నాడు పొద్దున్న చద్దన్నం, మధ్యాహ్నం పులిహోర. మిగిలింది జీలకర్ర, ఉప్పుకారం కలిపి పంచలో చీర పరిచి వడియాలు పెట్టింది. ఆ వడియాలుండగా పది రోజులు కూర కొనలేదు. నెలాఖరుకి కొలిచాను. అంకె పంతొమ్మిది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఏంటత్తా ఇది!" అన్నాను.

"నన్ను తిట్టకురా. పారెయ్యడానికి చెయ్యెత్తానా, ఈ చెయ్యి నా మాటినదు" అంది.

పోనీ నేనే దొంగ అంకె వేసేవాణ్ణి కదా అంటారేమో. వేశాను. తొంభై అని వేశాను. కంప్యూటరు ఒప్పుకోలేదు. 'ఈ ఇంటికి ఇంత తగలేసే సామర్థ్యము లేదు' అన్న అర్థం వచ్చే ముక్కొకటి ఎర్రగా వెలిగి ఆగిపోయింది. ఉన్నవాడు ఎంత తగలేసినా కంప్యూటరు నమ్ముతుంది.

రెండో ఫలిత మాసం కూడా పంతొమ్మిదే. 'పై విషయములో తమరు వరుసగా రెండు పర్యాయములు పొదుపు చేయుటయందు ఘోరముగా విఫలమైనందున' అని మొదలయ్యే నోటీసు తయారుచేశారు. టైపు చేసింది నేను. రెండు వేళ్లతో టైపు చేసేవాణ్ణి, ఆరోజు ఒక్క వేలితో చేశాను. అయినా సాయంత్రానికి అయిపోయింది.

నోటీసు గడువు నెలరోజులు, ఈలోగా మూడో ఆధార మాసం కొలత కూడా అయిపోయింది, అదీ పంతొమ్మిదే. అత్త ఇల్లు ఖాళీ చేసే రోజున పది నిమిషాలు పట్టింది. ఒక ట్రంకు పెట్టె, ఒక బొంత మూట, గిన్నెలు. రిక్షా కూడా వద్దంది. "ఈ మాత్రం దానికి రిక్షా ఏంటి, ఆళ్లు చెప్పే దుబారా ఇదే" అని మూట నెత్తిన పెట్టుకుంది. మా ఇన్‌స్పెక్టరు తలుపుకు తాళం వేసి, లక్క సీలు వేసి, ఫోటో తీసుకున్నాడు. కుండలో ఉన్న బియ్యం మాత్రం వీధిలోవాళ్లకు పంచి వచ్చింది.

మా ఇంట్లో ఉంచుకున్నాను. మా ఆవిడ మంచిదే, ఏమీ అనలేదు. కానీ అత్త నెలరోజుల్లో సగమైపోయింది. పీట వేసుకుని గుమ్మం పక్కన కూర్చునేది. సెంటరు గదిలోకి రమ్మంటే వచ్చేది కాదు. "మేనల్లుడి ఇల్లైనా పరాయి పంచేరా. నా గోడకి చేరగిలబడితే గాని నాకు నిద్దర రాదు" అని ఒకరోజు అంది. నేను వీధిలోకెళ్లి నిలబడ్డాను. జీతం ఇచ్చే సంస్థని తిట్టుకోవడం నా ఇరవై ఏళ్ల సర్వీసులో అదే మొదలు.

ఆ ఏడాది ఫలితాలు పై ఆఫీసు కంప్యూటరు తేల్చింది. దండపాణిగారు కాగితం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పంపుల కాలనీ, పద్నాలుగో నంబరు, ఆధార మాసంలో పంతొమ్మిది, ఫలిత మాసంలో సున్నా. పొదుపు నూటికి నూరు శాతం. రాష్ట్రంలోనే ప్రథమ స్థానం.

"అయ్యా, అది ఖాళీ ఇల్లండి. మనమే సీలు వేశామండి" అన్నాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "త్రిమూర్తులూ, ఆమె ఇంటి యందు ఉండకపోవుట ద్వారా పొదుపు చేసినది. మార్గము ఆమె ఇష్టము. ఫలితము మనది. ఇంతటి సంపూర్ణ విజయాన్ని వద్దనుటకు మనమెవరము?" అన్నారు. అప్పటికే జోగారావుగారికని కొన్న శాలువా మీద పేరు చీటీ మార్చారు.

టౌను హాల్లో సభ. బయట పొదుపు మీద ఇరవై ఫ్లెక్సీలు, లోపల నాలుగు రకాల స్వీట్లు. అత్త రానంది. "ఇంటి కాగితం ఇత్తారట అత్తా" అంటే వచ్చింది. దండపాణిగారు శాలువా కప్పి, రంగు రంగుల హక్కు పత్రం చేతిలో పెట్టి, మైకు పట్టుకున్నారు. "ఈ మాతృమూర్తి సాధించిన శూన్య వినియోగమును ప్రతి గృహిణీ ఆదర్శముగా తీసుకొనవలెను" అన్నారు. జోగారావుగారు మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టలేదు.

అత్త స్టేజీ మీదే నన్ను పిలిచి కాగితం చేతికిచ్చింది. "ఏం రాశారో చదువు."

"పద్నాలుగో నంబరు ఇంటి మీద నీకు జీవితకాలం నివాస హక్కు ఉందత్తా."

"మరి కింద చిన్నచ్చరాలేంటి?"

కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఒక్కరే. "ఒక ఏడాదిపాటు ఇదే శాతాన్ని నిలబెట్టాలట. అంటే ఇంట్లో దీపం వెలగకూడదు, పొయ్యి రాజెయ్యకూడదు. ఉండకూడదన్నమాట."

దండపాణిగారు మైకు పక్కకు పెట్టి బుజ్జగించారు. "నివాస హక్కు అన్నాం గాని నివాసం అనలేదు తల్లీ. ఆ తేడా గమనించాలి."

అత్త నా చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. "పైనున్నది చదివావు కదరా. అది చాలు" అని మెట్లు దిగి నడిచింది. నేను వెనకాల పరిగెత్తాను. ఆవిడ ఎక్కడా ఆగలేదు. పంపుల కాలనీకి వెళ్లి, పక్కింటి రోకలిబండ అడిగి తెచ్చి, తాళం మీద రెండు దెబ్బలేసింది. మా లక్క సీలు పెచ్చులూడిపోయింది. లోపలికెళ్లి, గది ఊడ్చి, లైటు వేసింది. మబ్బు పట్టి ఉందో, పంతమో తెలియదుగాని, సాయంత్రం నాలుగింటికే వేసింది. మీటరు తిరుగుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. అంత సంతోషంగా నేను మీటరు ఎప్పుడూ చూడలేదు.

రాష్ట్రస్థాయి విజేత నిబంధన ఉల్లంఘించిందని మర్నాడు సంస్థ అట్టుడికిపోయింది. వెంటనే ఖాళీ చేయించమన్నారు దండపాణిగారు. కానీ మా నోటీసు ఫారంలో 'వినియోగము ఎంత శాతము పెరిగినది' అని ఒక గడి ఉంది. అది నింపకుండా నోటీసు చెల్లదు. ఆ మూడు నెలల ఆధార మాసంలో సీలు వేసిన ఇంటి అంకె సున్నా. ఫలిత మాసం దాకా ఆగి కొలిస్తే పంతొమ్మిది. సున్నా మీద పంతొమ్మిది ఎంత శాతం పెరిగినట్టు? కంప్యూటరు మూడు రోజులు తిప్పి తిప్పి ఆగిపోయింది. కాలేజీ నుంచి లెక్కల లెక్చరరుని జీపులో తీసుకొచ్చాం.

"దానికి శాతం ఉండదండి" అన్నాడాయన.

"ఉండదంటే? ప్రభుత్వ ఫారంలో గడి ఉన్నది కదా! సుమారుగానైనా చెప్పండి" అన్నారు దండపాణిగారు.

"సుమారుగా కూడా ఉండదండి" అని కాఫీ తాగి వెళ్లిపోయాడు.

పెరిగిన శాతం తేల్చనిదే దుబారా కాదు. తగ్గిన శాతం లేదు కాబట్టి పొదుపూ కాదు. పొదుపూ దుబారా రెండూ కాని మనిషిని ఏం చెయ్యాలో ఉత్తర్వులో లేదు. అందుకని స్పష్టత కోరుతూ ఫైలు పై ఆఫీసుకు పంపారు. అది తేలేవరకు పద్నాలుగో నంబరు జోలికి ఎవరూ వెళ్లరాదని దండపాణిగారే సంతకం పెట్టారు.

మూడేళ్లయింది. అత్త అదే గోడకి చేరగిలబడి పడుకుంటోంది. ఎసట్లో పోసేముందు తీసిన పిడికెడు బియ్యం కుండలో పడుతూనే ఉన్నాయి. ఆ ఫైలు చూసే బాధ్యత ఇప్పుడు నాది. ఎక్కడో ఎవడో తెలివైనవాడు దాన్ని విప్పి పరిష్కరించేస్తాడేమోనని నాకు రాత్రిళ్లు భయం. అందుకే ప్రతి నెలా ఒకటో తారీఖున, తప్పకుండా, త్వరగా తేల్చవలసిందని కోరుతూ పై ఆఫీసుకు ఒక రిమైండరు పంపుతుంటాను. రిమైండరు వెళ్లిన ఫైలు మా శాఖలో ఇంతవరకు కదిలిన దాఖలా లేదు.